వెన్నుపాము దెబ్బ, కొలెస్ట్రాల్, స్టాటిన్ మాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. వెన్నుపాము దెబ్బతిని నడుము కిందో మెడ కిందో కదలిక పోయినవాళ్లతోనే నా రోజంతా గడుస్తుంది. ఈ పేజీ రాయడానికి కారణం ఒక గీత కార్మికుడి భార్య. ఆయన తాటిచెట్టు దిగుతుంటే మోకు జారి పడ్డారు. అంతకు రెండేళ్ల ముందు నుంచే స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర వాడుతున్నారు. ఆమె పాలిథిన్ కవర్లోంచి సగం కత్తిరించిన మాత్రల షీటు తీసి నా చేతిలో పెట్టి, "మేడం, నరాలకు కొవ్వే బలమంటున్నరు గదా, ఈ కొవ్వు తగ్గే గోలీ బంద్ చేస్తే మా ఆయన నరం జెల్ది అతుకుతదా?" అని అడిగారు. అదే వారంలో ఇంకో పేషెంటు కొడుకు ఫోన్లో ఏదో చదివి వచ్చి సరిగ్గా దీనికి ఎదురు ప్రశ్న వేశాడు: "స్టాటిన్‌తో వెన్నుపాము బాగవుతుందట కదా, డోసు డబుల్ చేయమంటారా?" ఇద్దరివీ అర్థంలేని ప్రశ్నలు కావు. రెండింటి వెనుకా కొంత నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో ఇక్కడ రాస్తున్నాను. మందు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

వెన్నుపాముకూ కొలెస్ట్రాల్‌కూ అసలు సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధమే. పెద్దవాళ్ల వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు ఉంటుంది. కదలమని మెదడు కాళ్లకు చెప్పే మాట, ముల్లు గుచ్చుకుందని కాళ్లు మెదడుకు చెప్పే మాట, రెండూ అందులోని సన్నని నరాల తీగల గుండానే వెళ్తాయి. కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు ఈ తీగల్లో చాలావాటికి మైలిన్ అనే తెల్లటి తొడుగు ఉంటుంది. మంచి తొడుగున్న లావుపాటి తీగలో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. తొడుగు లేని సన్న తీగలో ఒకటి రెండు మీటర్లే.

ఆ మైలిన్‌లో నీటిని తీసేసి తూస్తే నూటికి 70 పాళ్లకు పైగా కొవ్వు పదార్థాలే. వాటిలో కొలెస్ట్రాల్‌ది పెద్ద వాటా. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఐదోవంతు దాకా అక్కడే ఉంటుంది. మైలిన్ అల్లే కణాలు సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోలేకుండా మార్చిన ఎలుకల మీద 2005లో ఒక పరిశోధన వచ్చింది. వాటిలో తొడుగు అల్లిక బాగా వెనకబడిపోయింది, ఒళ్లు వణికింది, నడక తూలింది. కాబట్టి 'నరాలకు కొవ్వే బలం' అని ఆమె విన్న మాట తప్పు కాదు.

మరి మాత్రతో కొలెస్ట్రాల్ తగ్గిస్తే నరాలకు కొరత రాదా?

చాలామంది తడబడేది ఇక్కడే. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను ఊరి చెరువు అనుకోండి. వెన్నుపాములోనిది పెరటి బావి. చెరువులో నీళ్లు తగ్గితే బావిలోనూ తగ్గుతాయని మనకు అనిపిస్తుంది. కానీ ఈ రెండింటి మధ్య గట్టి గోడ ఉంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకుతిరిగే రేణువులు మెదడు, వెన్నుపాముల రక్తనాళాల గోడ దాటి లోపలికి పోలేవు. అక్కడి కణాలు తమకు కావలసిన కొలెస్ట్రాల్‌ను అక్కడే తయారు చేసుకుంటాయి, ఒకసారి చేసుకున్నదాన్ని ఏళ్ల తరబడి వాడుకుంటాయి.

స్టాటిన్ ముఖ్యంగా పనిచేసేది లివర్‌లో. అక్కడ కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. తగ్గిన మేరకు లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే మనం చెడ్డ కొలెస్ట్రాల్ అనేదాన్ని, లాక్కుంటుంది. ఖాళీ అయ్యేది చెరువే. అందుకే రిపోర్టులో ఎల్‌డీఎల్ 140 నుంచి 70కి దిగిందంటే వెన్నుపాములో కూడా సగానికి పడిపోయిందని అర్థం కాదు. లాబ్ రిపోర్టు చెరువు లోతు చెప్తుంది. బావి సంగతి దానికి తెలియదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి కొవ్వులో కరిగే మందులు. ఆ గోడను ఇవి కొంతవరకు దాటగలవు. రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్ నీటిలో కరిగేవి, ఇవి దాటేది తక్కువ. ఎలుకల్లో మైలిన్‌ను కావాలని పోగొట్టి, అది తిరిగి పెరిగే రోజుల్లో సిమ్వాస్టాటిన్ ఇస్తే కొత్త తొడుగు అల్లిక మందగించిందని 2009లో ఒక పరిశోధన చూపించింది. అదే జోరు మనుషుల్లోనూ ఉంటుందా అంటే, మామూలు డోసుల్లో అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. ఈ ఒక్క ఎలుకల పరిశోధనను పట్టుకుని స్టెంటు వేసిన మనిషి గుండె మాత్ర ఆపడం చాలా ప్రమాదం.

అయితే గుడ్లు, నెయ్యి, మటన్ బాగా పెడితే నరం తొందరగా అతుకుతుందా?

అతకదు. తిన్న కొలెస్ట్రాల్ చేరేది చెరువులోకి. ఎలుకల్లో మైలిన్ పోయిన చోట గోడ కూడా కాస్త తెరుచుకుంటుందనీ, తిండిలోని కొలెస్ట్రాల్ అక్కడికి చేరి సాయపడిందనీ 2017లో ఒక పరిశోధన వచ్చిన మాట నిజమే. అది మందు పెట్టి మైలిన్‌ను కరిగించిన ఎలుకల సంగతి. ఎముక విరిగి వెన్నుపాము నలిగిన మనిషిది కాదు.

రోజూ ఒక గుడ్డు తినడంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు. పడక పుండ్లు మానాలన్నా, చేతులకు కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. నెయ్యి అన్నంలో చెంచాడు వేసుకుంటే ఏమీ కాదు. నరాల బలం కోసమని పొద్దునా సాయంత్రం గిన్నెడు నెయ్యి తాగించడం వద్దు. అలా తాగించిన ఇల్లు నేను చూశాను. మూడు నెలల్లో పొట్ట పెరిగింది, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి ఎత్తడం ఆ ఇంటి ఇల్లాలి వల్ల కాలేదు.

దెబ్బ తగిలాక వెన్నుపాము లోపల ఏం జరుగుతుంది?

మొదటి దెబ్బ క్షణంలో అయిపోతుంది. ఎముక ముక్క గుచ్చుకుంటుంది, వెన్నుపాము నలుగుతుంది. ఆ తర్వాత గంటలు, రోజులు, వారాల పాటు రెండో నష్టం సాగుతుంది: వాపు, రక్తం అందకపోవడం, బతికి ఉన్న కణాలు కూడా చచ్చిపోవడం. తెగిన తీగల తొడుగులు చిరిగి కుప్పలుగా పడతాయి. ఆ కుప్పంతా కొలెస్ట్రాల్‌తో నిండిన చెత్తే.

చెత్త ఎత్తే కణాలు వచ్చి దాన్ని మింగుతాయి. కానీ కొలెస్ట్రాల్‌ను ముక్కలు చేసి అరిగించుకోవడం మన కణాలకు చేతకాదు. దాన్ని బయటికి పంపాలి, లేదా లోపల దాచుకోవాలి. మింగిన కొద్దీ ఆ కణాలు నురగలా ఉబ్బిపోతాయి. గుండె రక్తనాళాల్లో పూడిక పట్టేటప్పుడు కనిపించేవీ ఇలాంటి నురగ కణాలే! ఒకే రకం ఇబ్బంది, రెండు చోట్ల. పొట్ట పగిలేలా మింగిన కణం ఇక శుభ్రం చేయడం మానేసి వాపును ఎగదోస్తుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధన ముసలి ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూపించింది. వాటి కణాల్లో కొలెస్ట్రాల్ స్ఫటికాలుగా గడ్డకట్టింది, వాపు తగ్గలేదు, కొత్త మైలిన్ రాలేదు. కొలెస్ట్రాల్‌ను బయటికి తోసే మందు ఇచ్చినప్పుడు పరిస్థితి మెరుగైంది.

చెయ్యి తెగినప్పుడు అక్కడి నరం చుట్టూ చెత్త కొన్ని వారాల్లో శుభ్రమైపోతుంది. వెన్నుపాములో నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. చేతి నరం తిరిగి మొలిచినంత సులువుగా వెన్నుపాములో నరం మొలవకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

కాబట్టి నరానికి కొలెస్ట్రాల్ ఎంత ఉందన్నదానికంటే, పాత కొలెస్ట్రాల్ చెత్తను లోపలి కణాలు ఎంత బాగా ఎత్తి మళ్లీ వాడకంలోకి తెస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు పరిశోధకులు వెతుకుతున్నది ఆ దారినే. దానికోసం వెన్నుపాము పేషెంట్లకు మందుల షాపులో దొరికే మాత్ర ఇంకా ఏదీ లేదు.

స్టాటిన్‌తో వెన్నుపాము బాగవుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఎలుకల నుంచి. స్టాటిన్లు పుట్టిందేమో బూజు నుంచి. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల శిలీంధ్రాలను వెతికి 1973లో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నారు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి వచ్చింది. వరి పండించే ఊళ్లో పెరిగిన రైతుబిడ్డ ఆయన, 2024లో తన 90వ ఏట కన్నుమూశారు. ఎన్ని కోట్ల గుండెలు ఆయనకు రుణపడి ఉన్నాయో!

వాడకం పెరిగాక తెలిసిందేమిటంటే స్టాటిన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించడంతోపాటు వాపునూ కొంత తగ్గిస్తుంది. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే ఇంకొన్ని పదార్థాలు కూడా తయారవుతాయి. వాటి సాయంతోనే 'రో' అనే ప్రొటీన్ పనిచేస్తుంది. దెబ్బతిన్న నరం చిగురు వేయబోతే వద్దని ఆపేది ఈ రోనే. స్టాటిన్ ఆ దారినే మూసేస్తుంది కాబట్టి రో బలహీనపడి నరం చిగురిస్తుందని ఆశపడ్డారు. 2005 నుంచి అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ ఇచ్చిన ఎలుకలు కొన్ని ప్రయోగాల్లో మెరుగ్గా నడిచాయి. తర్వాత వేరే బృందం అదే పని మళ్లీ చేసి చూస్తే చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. మొదటి ప్రయోగం ఫోన్లలో తిరుగుతోంది. రెండోదాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మనుషుల్లో చూశారా? ఫలితం ఏమిటి?

చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. కాళ్లూ చేతుల కదలిక కోసం స్టాటిన్ ఇవ్వమని చెప్పేంత రుజువు వాటిలో దొరకలేదు. వెన్నుపాము దెబ్బకు చికిత్సగా ఏ స్టాటిన్‌కూ అనుమతి లేదు.

ఇక్కడ రెండు పెద్ద పరీక్షల కథ చెప్తాను, ఎందుకంటే వీటిని తెలుసుకున్నాక నా మాటతీరే మారింది. రోను నేరుగా అడ్డుకునే వీఎక్స్-210 అనే మందును మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఆపరేషన్ సమయంలోనే దెబ్బ తగిలిన చోట పెట్టి చూశారు. మేలు తేలే అవకాశం లేదని 2018లో మధ్యలోనే ఆపేశారు. స్టాటిన్ చుట్టుతిరుగుడుగా చేస్తుందనుకున్న పనిని నేరుగా చేసే మందే ఇలా అయింది.

రెండోది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బుది. అదీ మైలిన్ పాడయ్యే జబ్బే. బ్రిటన్‌లో 140 మందికి సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గిందని 2014లో ప్రకటించారు. ఎంత ఆశ! దాన్ని రూఢి చేయడానికి 964 మందితో పెద్ద పరీక్ష పెట్టారు. ఫలితం 2024లో బయటికి వచ్చింది: వైకల్యం పెరగడాన్ని ఆ మాత్ర నెమ్మది చేయలేదు. చిన్న పరీక్ష ఆశపెట్టింది, పెద్ద పరీక్ష కాదంది. ఇందులో మనకు పనికొచ్చే ఇంకో సంగతీ ఉంది. మైలిన్ జబ్బున్నవాళ్లు అంత పెద్ద డోసు ఏళ్ల పాటు వేసుకున్నా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వాళ్ల పరిస్థితి దిగజారినట్టు తేలలేదు. మాత్ర వల్ల నరాలు కరిగిపోతాయేమోనని టెన్షన్ పడేవాళ్లకు నేను ఇదే చెప్తాను.

డోసు డబుల్ చేయమంటారా అని అడిగిన ఆ అబ్బాయికి నా జవాబు వద్దనే. డోసు డబుల్ చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం తగ్గుతుంది, అంతే. కండరాల ఇబ్బంది వచ్చే అవకాశం మాత్రం పెరుగుతుంది.

ప్రమాదానికి ముందు నుంచే స్టాటిన్ వాడుతున్నారు. ఇప్పుడు ఆపాలా?

స్టెంటు, బైపాస్, పక్షవాతం, షుగర్ లాంటి కారణం ఉండి మొదలుపెట్టినదైతే సొంతంగా ఆపకండి. మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతంతో ఆసుపత్రిలో చేరినవాళ్లకు మూడు రోజులు స్టాటిన్ ఆపి చూసిన పరీక్షలో, ఆపినవాళ్ల ఫలితాలే అధ్వాన్నంగా వచ్చాయి. వెన్నుపాము దెబ్బ పక్షవాతం కాదు, నిజమే. అయినా ఉన్నట్టుండి ఆపడం ఊరికే పోదని దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆపక తప్పని సందర్భాలూ ఉంటాయి. శిథిలాల కిందో ట్రాక్టరు కిందో ఇరుక్కుని కండరాలు నలిగినప్పుడు, లివర్ పరీక్షలు బాగా పెరిగినప్పుడు, కిడ్నీ దెబ్బతిన్నప్పుడు డాక్టర్లు కొన్నాళ్లు ఆపుతారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆపరేషన్ హడావిడిలో ఆపిన మాత్రను మళ్లీ మొదలుపెట్టడం అందరూ మర్చిపోతారు. డిశ్చార్జి కాగితం ఇచ్చే రోజు పాత మందుల చీటీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. "ఇది ఎందుకు లేదు సార్?" అని అడగడానికి మొహమాటపడకండి.

ప్రమాదం తర్వాత టెస్టులో కొలెస్ట్రాల్ తక్కువే వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

అలా అనుకోలేం. పెద్ద దెబ్బ, ఆపరేషన్, ఇన్‌ఫెక్షన్ తర్వాత కొన్ని వారాల పాటు మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పడిపోతాయి. ఆ అంకెను నమ్మి ధీమాగా ఉండకూడదు. ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ చేయించాలి.

ఏళ్లు గడిచినవాళ్ల రిపోర్టుల్లో నాకు పదేపదే కనిపించేది హెచ్‌డీఎల్ పడిపోవడం. అది మంచి కొలెస్ట్రాల్. మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 దాటి ఉండాలంటారు. మా గీత కార్మికుడి రిపోర్టులో అది 28. ఎల్‌డీఎల్ చూస్తే మామూలుగానే ఉంది, మొత్తం 150 లోపే. పైపైన చూసినవాళ్లు నార్మల్ అని పక్కన పెట్టేస్తారు. కదలిక తగ్గడం, కాళ్ల కండ కరిగి ఆ చోట కొవ్వు చేరడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ఇవన్నీ కలిసి హెచ్‌డీఎల్‌ను కిందికి లాగుతాయి. వెన్నుపాము దెబ్బ తగిలి చాలా ఏళ్లు బతికినవాళ్లలో ప్రాణం తీసే ముఖ్యమైన కారణాల్లో గుండెజబ్బు ఒకటి. స్టాటిన్ విషయంలో నేను ఇంతగా పట్టుబట్టేది వెన్నుపాము కోసం కాదు, గుండె కోసం.

మనిషి సన్నగానే ఉన్నాడు కదా, కొవ్వు సమస్య ఎందుకు వస్తుంది?

వెన్నుపాము దెబ్బ తర్వాత బరువు మోసం చేస్తుంది. కండ పోతుంది, ఆ స్థానంలో కొవ్వు వస్తుంది. త్రాసు మీద అంకె అదే ఉంటుంది. అందుకే మామూలు మనిషికి స్థూలకాయం గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు చూసే లెక్క) 30 అయితే, వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్లకు 22 దగ్గరే జాగ్రత్తపడాలని పరిశోధకులు సూచించారు. 22 అంటే చూడ్డానికి సన్నగా ఉన్న మనిషే! పడుకోబెట్టి టేపుతో పొట్ట చుట్టుకొలత నెలకోసారి కొలిచి రాసి పెట్టుకోండి. త్రాసు కంటే టేపు నిజం చెప్తుంది.

గుండెపోటు వస్తే నొప్పి తెలుస్తుందా?

ఈ పేజీలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఈ జవాబు చదవండి.

గుండె నుంచి నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములోకి చేరేది ఛాతీ పైభాగంలో, టీ1 నుంచి టీ5 దాకా (టీ అంటే వెన్నుపాములో ఛాతీ భాగం, అంకె పెరిగేకొద్దీ కిందికి). చనుమొనల వరుస టీ4 అని గుర్తుపెట్టుకోండి. ఆ వరుసకు పైన దెబ్బ తగిలినవాళ్లకు ఛాతీ నొప్పి అసలు తెలియకపోవచ్చు. మనకు తెలిసిన ఛాతీ పట్టేయడం, ఎడమ చేయి లాగడం వాళ్లకు ఉండకపోవచ్చు. వాళ్లలో కనిపించేవి వేరు: ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేనంత నీరసం, దవడలోనో మెడలోనో ఇబ్బంది, వాంతి వస్తున్నట్టు ఉండటం, కారణం లేని చెమట, కాళ్ల బిగుతు ఒక్కసారిగా పెరగడం.

చెమటకు ఇంకో కారణమూ ఉండొచ్చు: టీ6, అంతకు పైన దెబ్బ ఉన్నవాళ్లకు మూత్రం పైపు మూసుకుపోయినా, మలబద్ధకం అయినా బీపీ ఒక్కసారిగా ఎగబాకి తలనొప్పి, చెమట పడతాయి. ముందు కూర్చోబెట్టి, పైపు మడత పడిందేమో చూడండి. అది సరిచేసినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఫోన్లోనే వెన్నుపాము పేషెంటని చెప్పండి, ఆసుపత్రిలో ఈసీజీ తీయమని మీరే అడగండి. 'గ్యాస్ అయి ఉంటుందిలే' అని తెల్లారేదాకా ఆగకండి.

ఇంకొకటి, చాలామంది సిగ్గుపడి అడగరు. దాంపత్య జీవితం కోసం సిల్డెనాఫిల్ మాత్ర వాడుతుంటే, అది వేసుకున్నాక 24 గంటల దాకా నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందు వేయకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఎమర్జెన్సీ డాక్టరుకు మొదటే చెప్పాలి. సిల్డెనాఫిల్ వాడటంలో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

కాళ్లలో స్పర్శే లేదు. స్టాటిన్‌తో కండరాల నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న. మామూలు మనిషికి తొడలు, పిక్కలు నొప్పి పెడితే అనుమానం వస్తుంది. స్పర్శ లేనివాళ్లకు ఆ హెచ్చరిక రాదు. అందుకే నేను కళ్లతో, చేతులతో చూసే గుర్తులు చెప్తాను. మూత్రం సంచిలో రంగు టీ డికాషన్‌లా ముదురుగా మారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాళ్ల బిగుతు కారణం లేకుండా పెరిగినా, మంచం నుంచి కుర్చీలోకి మారేటప్పుడు చేతుల బలం తగ్గినట్టు అనిపించినా, భుజాలు నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా చెప్పండి. భుజం నొప్పి వీల్‌చెయిర్ తోసేవాళ్లకు మామూలుగానే వస్తుంది. రెండు భుజాలూ ఒకేసారి, మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాల్లో మొదలైతే అనుమానించాలి.

సీకే అనే రక్తపరీక్ష కండరం దెబ్బతిన్నదో లేదో చెప్తుంది. స్టాటిన్ మొదలుపెట్టే ముందే ఒకసారి చేయించి ఆ అంకె దాచుకుంటే తర్వాత పోల్చుకోవడం సులువు. కండరం తీవ్రంగా కరగడం చాలా అరుదు. అరుదైనదాన్ని కూడా తొందరగా పట్టుకుంటే కిడ్నీలు దక్కుతాయి.

ఏ మందులతో స్టాటిన్ కలపకూడదు?

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది తామర మందు. రోజంతా కూర్చుని ఉండటంతో గజ్జల్లో చెమట చేరి తామర వస్తుంది. షాపులో ఇట్రాకొనజోల్ మాత్రలు కొని వాడేస్తారు. ఇది సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ మోతాదును రక్తంలో విపరీతంగా పెంచుతుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్స్ కూడా అంతే. అలాంటి కోర్సు రాస్తే స్టాటిన్‌ను ఆ కొద్ది రోజులు ఆపాలో, వేరేది ఇవ్వాలో డాక్టరును అడగండి.

ఎదురు దిశలోనూ జరుగుతుంది. వెన్నెముక టీబీకి వాడే రిఫాంపిసిన్, నరాల మంటకు వాడే కార్బమజెపైన్ స్టాటిన్ బలాన్ని తగ్గిస్తాయి. బిగుతుకు వాడే బాక్లోఫెన్‌తోను, ప్రీగాబాలిన్‌తోను చెప్పుకోదగ్గ తగాదా లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని స్టాటిన్ల మోతాదును పెంచుతుంది. మన పంపరపనస దాని పూర్వీకురాలే, కాబట్టి సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు అది రోజూ తినకపోవడం మంచిది.

ఆన్‌లైన్‌లో 'సహజమైన కొలెస్ట్రాల్ మందు' పేరుతో రెడ్ ఈస్ట్ రైస్ అమ్ముతారు. అందులో ఉండేది లోవాస్టాటిన్ లాంటిదే, ఎంత ఉందో డబ్బా మీద నమ్మకంగా ఉండదు. మాత్రతో కలిపి అది వేసుకుంటే రెండు స్టాటిన్లు వేసుకున్నట్టే.

స్టాటిన్‌తో షుగర్ వస్తుందంటారు, నిజమా?

కొద్దిగా పెంచుతుంది, ముఖ్యంగా ఇప్పటికే షుగర్ గీత దగ్గర ఉన్నవాళ్లలో. గుండెకు జరిగే మేలు దానికంటే పెద్దది. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయిస్తూ ఉంటే సరిపోతుంది.

ఎజెటిమైబ్, కొత్త ఇంజెక్షన్లు వెన్నుపాముకు పనికొస్తాయా?

ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపుతుంది. కొత్త ఇంజెక్షన్లు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ ఎక్కువగా లాక్కునేలా చేస్తాయి. రెండూ చెరువు మీద పనిచేసేవే. స్టాటిన్ పడనివాళ్లకు గుండె కోసం మంచివి.

తిండి ఎలా ఉండాలి?

దెబ్బ తర్వాత ఒంటికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. పొలం పనికి, చెట్టెక్కే పనికి అలవాటైన మనిషికి పళ్లెం నిండా అన్నం పెట్టడం ప్రేమే. ఆ ప్రేమను అన్నం నుంచి పప్పు, కూర, గుడ్డు వైపు మళ్లించమని చెప్తాను. రాత్రి పూట జొన్న రొట్టె, ఆకుకూర పప్పు మంచి జోడీ. పీచు ఒక్కసారిగా పెంచితే మలవిసర్జన టైము తప్పుతుంది. వారం వారం కొంచెంగా పెంచుతూ డాక్టరు చెప్పినంత నీళ్లు తాగాలి.

నూనె సంగతి చెప్పాలి. చవకగా దొరుకుతుందని చాలా ఇళ్లలో పామాయిల్ వాడతారు. అందులో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వు, ఎల్‌డీఎల్‌ను పెంచేది. పల్లీ నూనె, తవుడు నూనె, నువ్వుల నూనె మార్చి మార్చి వాడుకుంటే మేలు. అంతకంటే ముఖ్యం, మనిషికి ఎన్ని చెంచాలు వాడుతున్నామో లెక్క చూసుకోవడం. బజ్జీల బండి నూనె ఎన్నిసార్లు కాగిందో ఎవరికీ తెలియదు, దాన్ని మానేయండి. బీడీ, సిగరెట్ మానేస్తే హెచ్‌డీఎల్ పెరుగుతుంది, పుండ్లూ తొందరగా మానతాయి.

కాళ్లు కదలని మనిషి వ్యాయామం ఎలా చేస్తాడు?

చేతులతో. వెన్నుపాము దెబ్బ ఉన్న పెద్దవాళ్ల కోసం 2018లో ప్రచురించిన అంతర్జాతీయ సూచనల ప్రకారం, గుండె, షుగర్, కొలెస్ట్రాల్ మేలు కోసం వారానికి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం 30 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా వ్యాయామం చేయాలి. ఒంట్లో సత్తువ పెరగాలంటే వారానికి రెండుసార్లు 20 నిమిషాలు చొప్పున, దాంతోపాటు పనిచేసే కండరాలకు బలం పెంచే వ్యాయామం రెండుసార్లు.

చేతి సైకిల్ మిషన్ అందరికీ దొరకదు. మా గీత కార్మికుడి ఇంట్లో కిటికీ ఊచకు పాత సైకిల్ ట్యూబు కట్టారు. ఆయన వీల్‌చెయిర్ బ్రేకు వేసుకుని, పాత తెలుగు పాటలు పెట్టుకుని, ఆ ట్యూబును వెనక్కి లాగుతారు. చెట్టెక్కిన చేతులు కదా, మొదటి నెలలోనే రెండో ట్యూబు కట్టాల్సి వచ్చింది. ముందుకు తోసే పనే ఎక్కువైతే భుజం పాడవుతుంది కాబట్టి వెనక్కి లాగే వ్యాయామమే ఎక్కువ చేయిస్తాను. టీ6, అంతకు పైన దెబ్బ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు మూత్రం సంచి ఖాళీ చేసుకోవాలి. వాళ్లకు దెబ్బ తగిలిన చోటికి కింద వేడికి సరిగా చెమట పట్టదు కాబట్టి ఎండాకాలం పొద్దున్నే చేయాలి.

ఏ టెస్టులు, ఎప్పుడెప్పుడు?

స్టాటిన్ మొదలుపెట్టినా డోసు మార్చినా 4 నుంచి 12 వారాల్లో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), ఆ తర్వాత 3 నుంచి 12 నెలలకోసారి. ఎల్‌డీఎల్‌తో ఆగకుండా హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు కూడా చూడమనండి. షుగర్, బీపీ, పొట్ట కొలత దానితోపాటే.

క్రియాటినిన్ దగ్గర ఒక మెలిక ఉంది. అది కండ నుంచి పుట్టే పదార్థం. కండ కరిగిన మనిషిలో కిడ్నీ సరిగా లేకపోయినా క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తుంది. రోసువాస్టాటిన్ లాంటి మందుల డోసు కిడ్నీని బట్టి నిర్ణయిస్తారు. అనుమానముంటే కండతో పెద్దగా పనిలేకుండా కిడ్నీ సంగతి చెప్పే సిస్టాటిన్-సీ పరీక్ష చేయించవచ్చా అని అడగండి.

ఇవన్నీ ఎవరిని అడగాలి?

వెన్నెముక ఆపరేషన్ చేసిన డాక్టరు ఎముక చూస్తారు, యూరాలజిస్టు మూత్రాశయం చూస్తారు, గుండె మధ్యలో ఎవరికీ చెందకుండా పోతుంది. ఏడాదికోసారి జనరల్ ఫిజీషియన్‌నో గుండె డాక్టరునో విడిగా కలవండి. వెళ్లేటప్పుడు మందుల షీట్లన్నీ ఒకే కవర్లో వేసుకోండి, తామర మాత్రలు, పొడులు, లేహ్యాలతో సహా. దెబ్బ ఏ స్థాయిలో తగిలిందో చీటీ మీద రాయండి, ఉదాహరణకు 'టీ4'. గీత కార్మికుడి భార్య ఇప్పుడు ఆ చీటీని ఆయన వీల్‌చెయిర్ వెనక సంచిలో, మాత్రల షీటు పక్కనే పెడుతున్నారు.